అత్తగారి వేడి తగిలిన కార్డు

ఆ రోజు పొద్దున్న అల్లుడి ఆలోచన చాలా సులువైనది. అలారం మోగకముందే లేవాలి. గడ్డం గీసుకుని, మీసం దిద్దుకుని, ఇస్త్రీ చేసిన రేవు చొక్కా తొడుక్కోవాలి. మొదటి లిఫ్టెక్కి, అధికారిణి కంటే ముందే రేవులో నిలబడి ఉండాలి. ఇందులో తప్పు జరగడానికి చోటెక్కడుందని అద్దంలో తననే అడిగాడు. అద్దం కూడా ఏమీ లేదన్నట్టే కనిపించింది.

ఆ ఊరు నేల మీద లేదు. ఆకాశంలో పెద్ద చక్రంలా తిరుగుతూ ఉంటుంది. చక్రం నడిబొడ్డున రేవు. దూరపు నక్షత్రాల నుంచి వచ్చే ఓడ రేవులోకి ముక్కు పెట్టగానే దాని కొక్కేనికి మోకు తగిలించేవాడు అల్లుడు. ఏళ్ళ తరబడి అదే పని. ఇవాళ మాత్రం మోకు ముట్టుకోనక్కర్లేదు. గట్టు మీద నిలబడి, కెప్టెన్‌కి తనే మాట చెప్పి, ఓడని లోపలికి తీసుకురావాలి. సరిగ్గా తీసుకొస్తే పెద్దమేస్త్రి అయిపోతాడు. సైరన్ మోగేలోగా గట్టు మీద లేకపోతే ఆ పదవి రెండో మేస్త్రికి పోతుంది. ఆ రెండో మేస్త్రిని అందరూ ముందాయన అంటారు. ఎక్కడికైనా అందరికంటే ముందొచ్చి కూర్చోవడం ఆయన అలవాటు. ఇవాళ్టి పనికి ఆయన నిన్ననే వచ్చి ఉంటాడని అల్లుడి భయం.

చొక్కా గుండీలు పెట్టుకుంటూ మెడ తడుముకున్నాడు. మెడ బోసిగా ఉంది.

“అత్తయ్యా! నా కార్డు కనిపించట్లేదు!”

“అరవకు బాబూ, నా దగ్గరే ఉంది,” అంటూ అత్తగారు వంటింట్లోంచి వచ్చి, నడుముకు కట్టుకున్న గుడ్డసంచి విప్పారు. “రాత్రి మన వరుసలో వేడి గొట్టం మళ్ళీ ఆగిపోయింది. నువ్వేమో నిద్రలో దుప్పటి ఒక గోడకీ దిండు ఒక గోడకీ తన్నేస్తావు. పోయినసారి నీ కార్డు మంచం కింద చచ్చి పడుంటే, కొత్తది వచ్చేదాకా నీకు కుళాయి తిప్పింది ఎవరు?”

“మీరే.”

“తలుపు తీసింది?”

“మీరే అత్తయ్యా. ఇటివ్వండి, ఆలస్యమవుతోంది.”

“అందుకే నాతోపాటే కప్పుకుని పడుకున్నా. చూడు, పొయ్యి మీంచి దించినట్టుంది.”

ఆ ఊళ్ళో కార్డంటే అట్టముక్క కాదు. చర్మంలాంటి పలచని పొర. అది లేనిదే కుళాయి తిరగదు, తలుపు తెరుచుకోదు. మెడలో వేసుకుంటే ఒంటి వేడి తాగి బతుకుతుంది. నాడి విని మనిషిని గుర్తుపెట్టుకుంటుంది. రాత్రంతా చలిలో ఉంటే బిగుసుకుని చస్తుంది. ఒకరిది రాత్రంతా ఇంకొకరి ఒంటి మీద ఉంటే ఆ ఇంకొకరి నాడికి అలవాటుపడి వాళ్ళదే అయిపోతుంది. ఈ సంగతి కార్డు ఇచ్చేటప్పుడే వివరంగా చెబుతారు. ఇచ్చేటప్పుడు చెప్పింది వినేవాళ్ళు ఏ లోకంలోనూ లేరు.

అల్లుడు కార్డు మెడలో వేసుకుని బయటపడ్డాడు.

“నిదానం అమ్మా, గడప ఉంది,” అంది తలుపు.

అతను వినిపించుకోలేదు. నడవలో గోడలోంచి ఒక చేతికర్ర బయటికొచ్చి అతని చేతిలో దూరింది. దాన్ని వెనక్కి నెట్టేసి లిఫ్టు దగ్గరికి పరిగెత్తాడు. లిఫ్టు తెరుచుకోలేదు.

“ఎక్కించుకోను,” అంది లిఫ్టు.

“ఏం? పాడయ్యావా?”

“పాడవలేదు. మొన్న కూడా మీరు నన్నేమన్నారో మర్చిపోలేదు. తుప్పు డబ్బా అన్నారు. పదిమందిలో అన్నారు.”

“నేనెప్పుడన్నాను?”

“మీ శాలువా కొస నా తలుపులో ఇరుక్కున్నప్పుడు. నా తలుపులు ఊడిపోవాలని కూడా కోరుకున్నారు.”

ఆ తిట్టు అల్లుడికి బాగా తెలుసు. కాలికి కుర్చీ తగిలినా, బల్ల తగిలినా అత్తగారి నోట వచ్చేది అదే. అతను మెల్లగా తలెత్తి లిఫ్టు పలక వైపు చూశాడు. పలక మీద అత్తగారి బొమ్మ నవ్వుతోంది. దాని కింద ఇలా ఉంది: ‘వయసు డెబ్భై దాటింది. మోకాళ్ళ నొప్పులు. నోటితో జాగ్రత్త.’

అల్లుడు వెంటనే గోడకున్న మీట నొక్కి ఇంటికి మాట కలిపాడు.

“అత్తయ్యా! నా కార్డు మీదైపోయింది!”

“నాది నా మెళ్ళోనే ఉంది కదా బాబూ.”

“అది మీదే. ఇదీ మీదే.”

“నాకు రెండెందుకు? ఒకటుంటేనే ఒక్క పనీ అవట్లేదు.”

“ఇప్పుడెలా? ఇది మళ్ళీ నాదెప్పుడవుతుంది?”

“ఒక రాత్రి వేసుకుని పడుకుంటే అదే అవుతుంది. వస్తావా మరి, పక్క వేస్తాను.”

“అత్తయ్యా, ఇంకాసేపట్లో సైరన్!”

“అలా అయితే నా పేరు మీదే వెళ్ళు. ఎవరైనా అడిగితే, నా అల్లుడు లోపల పనిచేస్తున్నాడని చెప్పు. పంపిస్తారు.”

అల్లుడు మాట తెంచేశాడు. లిఫ్టు ఇంకా ఎదురుచూస్తోంది. వెనక పై వరుస పంతులమ్మ, ఆవిడ వెనక పాల డబ్బాలాయన వచ్చి నిలబడ్డారు. వేరే దారి లేదు.

“తప్పయింది,” అన్నాడు గొణుగుతూ.

“ఎవరితో అంటున్నారు?”

“నీతోనే.”

“నీతో?”

“మీతో. లిఫ్టుగారూ, తప్పయింది. మీరు తుప్పు డబ్బా కారు. మీ తలుపులు పదికాలాలపాటు చల్లగా ఉండాలి.”

తలుపులు తెరుచుకున్నాయి. లిఫ్టు గొంతు పూడుకుపోయింది. “ఈ మాట మీ నోట వింటాననుకోలేదమ్మా,” అంది. తర్వాత డెబ్భై దాటినవాళ్ళ మోకాళ్ళకి ఎంత నెమ్మది మంచిదో అంత నెమ్మదిగా పైకి కదిలింది. పంతులమ్మ అల్లుడి మీసాల వైపు, పలక మీది బొమ్మ వైపు మార్చి మార్చి చూసి, చివరికి సీటు ఖాళీ చేసి, “కూర్చోండి పెద్దమ్మా,” అంది. ఆ ఊళ్ళో కార్డుకీ కంటికీ తగాదా వస్తే జనం కార్డు పక్షమే.

పై వీధిలో దిగగానే అల్లుడు పరుగందుకున్నాడు. రేవు గేటు ఎదురుగా కనిపిస్తూనే ఉంది. వీధి మలుపులో మందుల బండి ఉంది. ఆ బండి అత్తగారి కోసం నెలల తరబడి ఊరంతా తిరుగుతోంది. మోకాలికి సూది వేయించుకోమంటే ఆవిడ ఒకసారి సంతలో దూరి, ఒకసారి నిద్ర నటించి తప్పించుకున్నారు. అల్లుడు దాటబోతుండగా బండి కుయ్యిమని అరిచి అడ్డం తిరిగింది.

“దొరికారు!” అంటూ కాంపౌండరు కిందికి దూకాడు. బండిలోంచి రెండు మెత్తటి చేతులొచ్చి అల్లుణ్ణి ఎత్తి కుర్చీలో కూలేశాయి.

“వదలవయ్యా! నేను ఆవిడ కాదు!”

“పోయినసారీ ఇలాగే అన్నారమ్మా.”

“నాకు మీసాలున్నాయి! కనిపించట్లేదా?”

కాంపౌండరు కాస్త దగ్గరికొచ్చి చూశాడు. చూసి, ఎవరికీ వినపడకుండా గొంతు తగ్గించాడు. “ఈ వయసులో కొంతమంది ఆడవాళ్ళకి వస్తాయమ్మా. సిగ్గుపడకండి. దానికీ లేపనం ఉంది, ఇస్తాను.”

“నా మోకాలు బాగానే ఉందయ్యా బాబూ!”

“భయంతో అలా అనిపిస్తుంది.”

సూది దిగింది. అరిగిపోయిన మోకాలికి ఆ మందు కొత్త బలం ఇస్తుంది. గట్టి మోకాలికి ఇస్తే ఏమవుతుందో అంతవరకూ ఎవరూ చూడలేదు. అల్లుడు లేచి నిలబడ్డాడు. ఎడమకాలు మామూలుగా నేల మీద ఆనింది. కుడికాలు అతన్ని అడగకుండానే ఒక్క తాపు తన్నింది. అతను బండి మీంచి ఎగిరి అవతల పడ్డాడు.

“చూశారా! లేడిపిల్లలా ఉన్నారు!” అని కాంపౌండరు ఆనందంతో చప్పట్లు కొట్టాడు.

ఒక అడుగు, ఒక గెంతు, ఒక అడుగు, ఒక గెంతుగా అల్లుడు రేవు గేటు చేరాడు. సైరన్ ఇంకా మోగలేదు. బతికానురా దేవుడా అనుకుని మెడలోని కార్డు గేటుకి చూపించబోయి, మళ్ళీ గుర్తొచ్చి చేత్తో మూసేశాడు. గేటు అప్పటికే చదివేసింది.

“రండమ్మా. పెద్దవాళ్ళు కూర్చుని చూసే గది ఎడమవైపు,” అంది గేటు.

“గది కాదు, గట్టు మీదికి వెళ్ళాలి! నేను మేస్త్రిని!”

“మేస్త్రి మీ అల్లుడుగారు. ఆయన ఇంకా రాలేదు. ఆలస్యం చేయడం ఆయనకి అలవాటా?”

“ఒక్కనాడు చేయలేదు! అంత నిజాయితీగా పనిచేసేవాడు ఈ రేవులోనే లేడు!”

“అల్లుణ్ణి ఇంతగా వెనకేసుకొచ్చే అత్తగారిని ఇదే చూడటం,” అని గేటు మెచ్చుకుంది. నేల జరిగి అతన్ని ఎడమవైపుకి మోసుకుపోయింది. అద్దాల గది. మెత్తటి కుర్చీ. కూర్చోగానే కుర్చీ రెండు వైపుల నుంచీ దుప్పటి కప్పి, జారిపడకుండా నడుముకు పటకా బిగించింది. ఎదురుగా బల్ల మీదికి గ్లాసుడు వేడి పాలొచ్చాయి. చక్కెర లేదు.

అద్దంలోంచి గట్టు అంతా కనిపిస్తోంది. అధికారిణి చేతులు వెనక్కి కట్టుకుని అటూ ఇటూ తిరుగుతోంది. ముందాయన హెల్మెట్ తల మీద పెట్టుకుని, తీసి, మళ్ళీ పెట్టుకుంటున్నాడు. అల్లుడు అద్దం మీద బాదాడు. ఆ అద్దం ఓడల హోరు లోపలికి రాకుండా చేసినది. లోపలి హోరు కూడా బయటికి పోదు.

అక్కడ ఇంట్లో అత్తగారికి కాలు నిలవలేదు. తను మంచికి చేసింది పిల్లవాడి కొంప ముంచేలా ఉంది. రేవుకి వెళ్ళి తనే నాలుగు మాటలు చెప్పి వద్దామని శాలువా కప్పుకుని బయల్దేరారు. లిఫ్టు ఆవిడని చూడగానే తలుపులు బార్లా తీసింది.

“రండమ్మా, రండి. ఇందాకే వెళ్ళారుగా, మళ్ళీ వచ్చారే? పోనీలెండి, మీ ఇష్టం. మీరు చెప్పిన క్షమాపణకి నేనింకా తేరుకోలేదు.”

అత్తగారు ఆగిపోయారు. “ఎవరు చెప్పారు?”

“మీరే.”

“నేను? నీకు? క్షమాపణ?”

“లిఫ్టుగారూ అన్నారు కూడా.”

అత్తగారి మొహం ఎర్రబడింది. ఏళ్ళ తరబడి ఎంతో పట్టుదలగా నిలబెట్టుకొచ్చిన తగాదాని అల్లుడు ఒక్క పూటలో, తన పేరు మీద, రాజీ చేసి పారేశాడు. ఇందాకటి దిగులంతా ఏమైపోయిందో తెలీదు. “ముందు అతని పని చెప్పి, తర్వాత నీ పని చెబుతాను. పోనీ పైకి! త్వరగా!” అని గద్దించారు. లిఫ్టు బెదిరిపోయి, పెద్దవాళ్ళ మోకాళ్ళ సంగతి మర్చిపోయి, బాణంలా పైకి లేచింది.

అత్తగారు రేవు గేటు దగ్గరికి వచ్చేసరికి గేటు చిక్కులో పడింది. అత్తగారు లోపల కుర్చీలో కూర్చుని పాలు తాగుతున్నారు. బయట ఇంకో అత్తగారు నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడి ఉన్నారు. ఒక మనిషి రెండుచోట్ల ఉండరాదు. గేటు ఆ ఇంటి కార్డుల లెక్క తీసింది. కూతురు ఆస్పత్రిలో నర్సు, రాత్రి డ్యూటీలో ఉంది. అత్తగారు లోపలున్నారు. ఇంకా రావలసింది ఒక్కరే.

“ఇంత ఆలస్యమా మేస్త్రీ! పరిగెత్తండి!” అంది గేటు.

“ఎవరయ్యా మేస్త్రి?”

“మీరే. మీ అత్తగారు మీ గురించి ఎంత గొప్పగా చెప్పారు! ఆవిడ పరువైనా నిలబెట్టండి!”

అత్తగారు మారుమాట అనేలోగా నేల జరిగింది. పైనుంచి ఒక హెల్మెట్ దిగి ఆవిడ తల మీద కూర్చుంది. చెవి దగ్గర మైకు వచ్చింది. ఆవిడ గట్టు మీద నిలబడ్డారు. సరిగ్గా అప్పుడే సైరన్ మోగింది.

“మేడమ్! మేడమ్!” అని ముందాయన గంతులేశాడు. “అది మేస్త్రి కాదు! ముసలావిడ! శాలువా కప్పుకుంది!”

అధికారిణి కూడా నోరు తెరిచింది. గేటు ఆమెకంటే ముందు మాట్లాడింది. “బట్టలు కార్డు పరిధిలోకి రావు. మేస్త్రి సమయానికి హాజరయ్యారు. ఓడ వస్తోంది. గట్టు మీద నిలబడినవాళ్ళని ఇప్పుడు మార్చడానికి వీల్లేదు.”

రేవు నోరు తెరుచుకుంది. కొండంత ఇనుము ముక్కు ముందుకి పెట్టి, చప్పుడు లేకుండా లోపలికి జారుతోంది. మైకులో గొంతు వినిపించింది. “గట్టుకి నమస్కారం. కెప్టెన్‌ని. మాట చెప్పండి మేస్త్రీ.”

అత్తగారు ఓడని చూశారు. అది తిన్నగా తన మీదికే వస్తోంది.

“ఏయ్! ఎక్కడికొస్తున్నావ్? మనుషులున్నారు, కళ్ళు కనిపించట్లేదా? ఆగు! ఆగమంటుంటే!”

ఆ కెప్టెన్ ఎన్నో నక్షత్రాలు తిరిగినవాడు. ఎన్నో రేవులు చూసినవాడు. వాళ్ళమ్మ ఇంటి నుంచి వచ్చేశాక అతనితో ఎవరూ అలా మాట్లాడలేదు. మీట మీది చెయ్యి దానంతటదే వెనక్కి పోయింది. ఓడ ఠక్కున ఆగిపోయింది.

అక్కడ ఆగకూడదు. గట్టుకీ ఓడకీ మధ్య పెద్ద ఖాళీ. మోకు తీసుకెళ్ళే బండి అంత దూరం పోదు. ఊరు తిరుగుతూ ఉంటుంది, ఆగిన ఓడ తిరగదు. చూస్తుండగానే ఊరి గోడ ఓడ పక్కలోకి జరగడం మొదలుపెట్టింది. ఆ గోడ వెనక పనివాళ్ళు, వాళ్ళ వెనక వీధులు, ఇళ్ళు.

“ముందుకి రమ్మనండి!” అధికారిణి అరిచింది.

“వెనక్కి పొమ్మనండి!” ముందాయన అరిచాడు.

“ఎవరి మాట వినాలి మేస్త్రీ?” మైకులో కెప్టెన్ అడిగాడు.

“ముగ్గురూ ఒక్కసారే అరిస్తే నేనేం చెప్పను! ఒక్కొక్కరు మాట్లాడండి!” అన్నారు అత్తగారు.

అద్దాల గదిలో అల్లుడు జుట్టు పీక్కుంటున్నాడు. పటకా లాగాడు, రాలేదు. దుప్పటి తన్నాడు, కుర్చీ మళ్ళీ కప్పింది. తలుపుని బతిమాలాడు. “పాలు పూర్తిగా తాగితే మంచిదమ్మా,” అంది తలుపు. అప్పుడు తళుక్కున తట్టింది. ఆ ఊళ్ళో పెద్దవాళ్ళు ఒంట్లో బాలేదని ఒక్క మాటంటే గోడలు కూడా అదిరిపోతాయి.

అల్లుడు గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. “అమ్మో! గాలాడట్లేదు!”

పటకా ఊడింది. దుప్పటి ఎగిరిపోయింది. ఆ గది తలుపే కాదు, రేవులో ఉన్న తలుపులన్నీ ధనధనా తెరుచుకున్నాయి. అతను బయటికి దూకాడు. ఒక అడుగు, ఒక గెంతు. దారిలో మోకు కొస అందుకుని భుజాన వేసుకున్నాడు. ఒక అడుగు, ఒక గెంతు. గట్టు చివర ఎడమకాలు ఆగిపోదామంది. కుడికాలు వినలేదు. బలమంతా కూడగట్టుకుని ఒక్క తాపు తన్నింది.

నడిబొడ్డు రేవులో బరువు తక్కువ. అల్లుడు లేచాడు. గట్టు కింద ఉండిపోయింది. మోకు తోకలా వెంట వచ్చింది. రేవంతా “అయ్యో” అంది.

“బాబూ!” అత్తగారి కేక అన్నిటికంటే పైన వినిపించింది. “పడతావ్! ముందు కొక్కెం పట్టుకో! ఆ చేత్తో కాదు, కుడి చేత్తో! కుడిచెయ్యి ఏదో కూడా తెలీదా!”

కుడి చేతికి కొక్కెం తగిలింది. ఎడమ చేత్తో మోకు చుట్టి, కాలితో బిగించాడు. మోకు జివ్వున లాగింది. మూలిగింది. తెగలేదు. గోడ ఇక తాకుతుందనగా ఓడ మెల్లగా ఊరితోపాటు తిరగడం మొదలుపెట్టింది, వేలు పట్టుకున్న పిల్లవాడిలా.

ఈలలు, చప్పట్లు, కేకలు. పనివాళ్ళు హెల్మెట్లు గాల్లోకి విసిరారు. ఆ గోలని మించి గోడలు మాట్లాడాయి. రేవులోనే కాదు, ప్రతి వీధిలో, ప్రతి ఇంట్లో ఒకేసారి మాట్లాడాయి.

“అద్భుతం! డెబ్భై దాటిన అత్తగారు మోకు భుజాన వేసుకుని ఓడ మీదికి దూకి మన ఊరిని కాపాడారు! ఆవిడ ప్రాణాలకి తెగించి దూకుతుంటే, ఆమె అల్లుడు గట్టు మీద నిలబడి ఆవిడ మీద అరుస్తూ ఉన్నాడు. అతను కదలలేదు.”

ఊరంతా అత్తగారికి జేజేలు కొట్టింది. అల్లుణ్ణి దుమ్మెత్తి పోసింది.

పనివాళ్ళు అల్లుణ్ణి ఓడ మీంచి దింపారు. అతని ఒళ్ళంతా చెమట. మొహం మాత్రం వెలిగిపోతోంది. గెంతుకుంటూ తిన్నగా అధికారిణి దగ్గరికి వచ్చాడు.

“మేడమ్, మీరు చూశారు కదా! నేనే దూకాను!”

“చూశాను,” అంది అధికారిణి. “ఇలాంటి దూకుడు నా సర్వీసులో చూడలేదు.”

“అయితే పదవి...”

“అదే చిక్కు. నేను చెప్పేలోపే గోడలు చెప్పేశాయి. పైవాళ్ళు విన్నారు. పెద్దమేస్త్రి పదవి ఆవిడకి మంజూరు చేసేశారు.”

“గోడలు చెప్పింది తప్పు కదా మేడమ్! మీ కళ్ళతో మీరు చూశారు కదా!”

“నా కళ్ళు పైవాళ్ళ దగ్గర చెల్లవు మేస్త్రీ. కార్డు చెల్లుతుంది.”

“రేపటికి ఇది మళ్ళీ నా కార్డు అయిపోతుంది!”

“అవుతుంది. రేపటి నుంచి మీరు మీరే. ఇవాళ్టి దూకుడు మాత్రం ఆవిడదే.”

అల్లుడు చుట్టూ చూశాడు. గట్టు మీద అత్తగారి చుట్టూ జనం. కెప్టెన్ ఓడ దిగి వచ్చి ఆవిడ ముందు తల వంచి నిలబడ్డాడు. అతనికి దూకింది ఎవరో అక్కర్లేదు. తనని ఆపిన ఆ గొంతు చాలు.

“అత్తయ్యా! మీరైనా చెప్పండి!”

అత్తగారు జనాన్ని తప్పించుకుని అతన్ని పక్కకి లాగారు.

“చెప్పాను బాబూ. నేను దూకలేదని గొంతు చించుకుని చెప్పాను. ఎంత వినయం అన్నారు. మెట్టు దిగడమే నా వల్ల కాదన్నాను. మళ్ళీ వినయమే అన్నారు. పోనీ ఈ పదవి నాకొద్దన్నాను.”

“అన్నారా! ఏమన్నారు?”

“వద్దంటే ఆ ముందొచ్చి కూర్చునే ఆయనకి ఇస్తారట. అప్పుడే ఆయన కొలతకి పెద్దమేస్త్రి హెల్మెట్ కూడా తెప్పించుకున్నాడు.” అత్తగారు ముందాయన వైపు ఒక చూపు చూశారు. “అందుకే తీసుకున్నా. నా కింద మోకు పనికి నిన్నే అడిగాను. గట్టు మీద నేను నిలబడతాను, ఏం అరవాలో నువ్వు పక్క నుంచి చెబుదువుగాని. ఆ కుడిచేతి సంగతి మాత్రం కాస్త నేర్చుకోవాలి బాబూ.”

అల్లుడు అటు చూశాడు. ముందాయన హెల్మెట్ తీసి చంకలో పెట్టుకుని, తల వేలాడేసుకుని ఇంటికి పోతున్నాడు. అందరికంటే ముందు పోతున్నాడు. అది చూశాక అల్లుడికి నవ్వొచ్చింది. అత్తగారికి కూడా వచ్చింది.

గేటు బయట అతని భార్య నర్సు బట్టల్లోనే పరిగెత్తుకుంటూ ఎదురొచ్చింది. డ్యూటీ దిగి వస్తుంటే వీధి పొడవునా గోడలన్నీ ఒకే వార్త చెప్పాయి. ఆమె కళ్ళలో నీళ్ళు, నిప్పులు రెండూ ఉన్నాయి.

“ఏమండీ! మా అమ్మ ఓడ మీదికి దూకిందట! మీరేమో గట్టు మీద నిలబడి అరిచారట! దారి పొడవునా జనం నన్ను పట్టుకుని, ఎలాంటివాణ్ణి కట్టుకున్నావమ్మా అని అడుగుతున్నారు!”

“ఇంటికెళ్ళి అంతా చెబుతాను. ముందు మీ అమ్మని చెయ్యి పట్టుకుని మెల్లగా దింపు.”

ఆమె తల్లిని తడిమి చూసింది. ఎక్కడా దెబ్బ లేదు. ఊపిరి పీల్చుకుని, మొగుడి వైపు తిరిగింది. అతను గెంతుతున్నాడు కాబట్టి మంచి వార్తే అయి ఉంటుందనుకుంది.

“ఇంతకీ పెద్దమేస్త్రి ఉద్యోగం వచ్చిందా, లేదా?”

“వచ్చింది,” అన్నాడు అల్లుడు. “మన ఇంట్లోకే వచ్చింది.”